తరం కాలమ్‌లో ఏముంది

బెజవాడలో పెరిగినవాళ్ళకి 1855 అంటే ఆనకట్ట. కాటన్ ఆలోచన, ఓర్ పర్యవేక్షణ. 1852లో మొదలైన పని 1855కల్లా పూర్తయింది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద తిరిగిన ప్రతి స్కూలు పిల్లాడికీ తెలిసిన కథే ఇది. ఫ్రాన్సులో బోర్డో వాళ్ళకి మాత్రం 1855 అంటే ఒక జాబితా. ఈ తేదీ కలవడం వల్లే నేనా జాబితాని చదివాను. వైన్ గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. జీవితంలో రెండుసార్లు తాగాను, రెండుసార్లూ మొహమాటానికే.

కథ క్లుప్తంగా ఇది. ఆ ఏడాది పారిస్‌లో మూడో నెపోలియన్ పెద్ద ప్రదర్శన పెట్టించాడు. బోర్డో వర్తక సంఘం తమ ప్రాంతపు వైన్‌కి ఒక వరస కావాలని దళారుల్ని అడిగింది. వాళ్ళు ఏప్రిల్ 18న రాసిచ్చారు. రెడ్ వైన్‌కి ఐదు తరగతులు. మొదటి తరగతిలో నాలుగే పేర్లు: లఫీత్, మార్గో, లతూర్, ఓబ్రియాఁ. ఇందుకోసం దళారులు ఎవరి ద్రాక్షతోటలోకీ వెళ్ళలేదు, మట్టి పట్టి చూడలేదు. ఎన్నో ఏళ్ళుగా ఏ ఎస్టేటు సరుకు ఏ ధరకి పోతోందో వాళ్ళ దగ్గర లెక్కలున్నాయి. ఆ లెక్కల్నే పైనించి కిందికి రాశారు. ఓబ్రియాఁ తప్ప రెడ్ వైన్‌లన్నీ మెడోక్ అనే ఒక్క ప్రాంతానివే. నది అవతల సెంతెమిలియోఁ ఊసే లేదు.

దాన్ని ఒక రచనలా చదివితే చాలా పొడి రచన. ఎస్టేటు పేరు, ఊరు, యజమాని పేరు, అంతే. కానీ 170 ఏళ్ళుగా అది దాదాపు కదల్లేదు. తర్వాత క్యాంటమెర్ల్ అనే పేరొకటి చేర్చారు. 1973లో మూతోఁ రోత్‌షీల్డ్‌ని రెండో తరగతి నుంచి మొదటికి మార్చారు. సంతకం పెట్టింది అప్పటి వ్యవసాయ మంత్రి జాక్ షిరాక్. చెప్పుకోదగ్గ మార్పులు ఆ రెండే. ఇంకో విచిత్రం, ఆ ర్యాంకు నేలది కాదు, ఎస్టేటు పేరుది. మూడో తరగతి ఎస్టేటు పక్కవాడి తోట కొనుక్కుంటే, అది ఆ ఊరి హద్దుల్లోదే అయితే, ఆ తోటకూడా రాత్రికి రాత్రి మూడో తరగతి అయిపోవచ్చు. మనం కథా సంకలనాల్లో, అవార్డుల్లో చూసేదే. ఒకసారి పేరు ఎక్కితే తర్వాత ఏం రాసినా ఆ పేరు కింద చెల్లుబాటవుతుంది.

సెంతెమిలియోఁ వాళ్ళు 1955లో సొంత జాబితా పెట్టుకున్నారు. పదేళ్ళకోసారి తిరగరాయాలన్నది నియమం. న్యాయంగా ఉంది కదా అనిపిస్తుంది. 2006 జాబితాలో కిందికి జారినవాళ్ళు కోర్టుకెళ్ళి దాన్ని కొట్టేయించారు. 2022 జాబితా వచ్చేలోపు షెవాల్ బ్లాఁ, ఓజోన్, ఆంజెలూస్ లాంటి శిఖరాలే మాకీ పోటీ వద్దని తప్పుకున్నాయి. మార్చని జాబితా అన్యాయం. మారుస్తూ పోతే వకీళ్ళకి పంట. ఇందులో నాకు ఏదీ నచ్చలేదు. కానీ ఒకటి అర్థమైంది. అక్కడ కొట్లాట ఎప్పుడూ పైకి ఎక్కడానికే.

మన దగ్గర అలా కాదు. రైత్వారీ సెటిల్మెంటు రిజిస్టర్ చూసినవాళ్ళకి తెలుసు, అందులో తరం అని ఒక కాలమ్ ఉంటుంది. తెలుగులో తరం అంటే తరగతి, తరం అంటే వంశంలో ఒక మెట్టు, నా తరమా అంటే చేతకాదని. గుమాస్తా మొదటి అర్థంలోనే రాశాడు గానీ మిగతా రెండూ వచ్చి కూచున్నాయి. మద్రాసు ప్రభుత్వం సెటిల్మెంటు ఆఫీసర్లు నిజంగానే చేలోకి దిగారు. నల్లరేగడా, ఎర్రమట్టా, ఇసుకనేలా, ఒండ్రా చూశారు. అందులో జిగురెంత, ఇసుకెంత అని మళ్ళీ విడగొట్టారు. పండే పంట అంచనా కట్టి, గడిచిన ఏళ్ళ ధరలతో రూపాయల్లోకి మార్చి, సాగు ఖర్చు తీసేసి, మిగిలినదాంట్లో సగం దాకా సర్కారు వాటా అన్నారు. అంతటితో ఆగలేదు. నీళ్ళు ఎంత నమ్మకంగా అందుతాయి, సంత ఎంత దూరం అని ఊళ్ళని గ్రూపులు కట్టారు. బోర్డో దళారులకంటే ఎంతో ఓపికైన పాఠకులు వీళ్ళు. ఆ చదువు ఎందుకంటే శిస్తు కోసం.

అందుకే ఇక్కడ మొదటి తరం ఎవరికీ అక్కర్లేదు. మా తాతయ్య గురించి ఇంట్లో చెప్పుకునే కథ ఒకటుంది. జమాబందీకి వచ్చిన అధికారికి ఆయన ఎప్పుడూ చేలో ఒకే మూల చూపించేవాడట, చౌడు తేలిన మూల. ‘ఇదేం నేలండీ, గడ్డి మొలవదు’ అని శిస్తు వజా అడిగేవాడు. అదే నెలలో అత్తయ్యకి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళని రెండో గట్టు మీంచి తీసుకెళ్ళి, ‘బంగారమండీ’ అనేవాడు. చేను ఒకటే. చదివేవాడు మారాడు. 1920ల చివర్లో రీసెటిల్మెంటు పేరుతో శిస్తు పెంచుతామంటే కృష్ణా, గోదావరి రైతులు రోడ్డెక్కారు. వాళ్ళు కూడా తాతయ్య మాటే పెద్ద గొంతుతో అన్నారు.

2015లో కథ తిరగబడింది. కృష్ణ అవతలి ఒడ్డున అమరావతి కోసం 29 ఊళ్ళలో భూసమీకరణ మొదలైంది. మెట్ట, జరీబు అని రెండు తరగతులు పెట్టారు. జరీబు అంటే నదికి దగ్గరగా, ఏడాది పొడుగునా భూమిలో నీళ్ళుండే నేల. ఎకరా ఇస్తే రెండింటికీ 1000 గజాల నివాస స్థలం. వాణిజ్య స్థలం మాత్రం మెట్టకి 250 గజాలు, జరీబుకి 450. ఏటా ఇచ్చే కౌలు మెట్టకి 30,000, జరీబుకి 50,000తో మొదలు. ఇప్పుడు ఎవరికి కావాలి చౌడు మూల? తాతయ్య బతికుంటే రెండో గట్టు మీంచే తీసుకెళ్ళేవాడు. అసైన్డ్ భూమికి అప్పట్లో ప్యాకేజీ తక్కువ పెట్టారు. అక్కడ చూసింది మట్టిని కాదు, పట్టా ఎలాంటిదన్నదాన్ని. అంటే ఆ ఒక్క లైన్లో మనం సెటిల్మెంటు పద్ధతి వదిలేసి బోర్డోకి వెళ్ళిపోయాం. ఉండవల్లి, పెనుమాక వైపు పూలూ కూరగాయలూ పండించేవాళ్ళు కొందరు అసలు ఏ తరగతీ వద్దన్నారు. నాకు ఆ మాటే అన్నిటికంటే తెలివైన విమర్శగా తోస్తుంది. సొంత భూమి లేని కుటుంబాలకి నెలకి 2,500 పింఛను అన్నారు. వాళ్ళు ఏ తరం?

ఈ ప్రశ్న వేసే హక్కు నాకు పెద్దగా లేదు. బందరు కాలువ శివారున మాకు మిగిలిన చేను నా పేరున ఉంది. నేను బెజవాడ అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. చాలా ఏళ్ళుగా ఒక్కాయనే కౌలుకి చేస్తున్నాడు. పేరు రాయను, బాబాయ్ అని పిలుస్తాను. కిందటి సంక్రాంతికి వెళ్ళినప్పుడు మన చేను ఎన్నో తరం బాబాయ్ అని సరదాగా అడిగాను. ఆయన నవ్వి, చేతి కర్రతో చూపించాడు. తూము దగ్గర రెండు మడులు బాగుంటాయి, నీళ్ళు వంతుకి ముందొస్తాయి కాబట్టి. మధ్యలో నాలుగు మడులు ఫర్వాలేదు. చింతచెట్టు కింద నీడకి గింజ పట్టదు. డ్రైను పక్కన ఉప్పు తేలుతుంది, అక్కడ ముందు వేసిన నాట్లు రెండుసార్లు పోయాయి. రిజిస్టర్‌లో ఆ సర్వే నెంబరు మొత్తానికీ ఒకే అంకె ఉంది.

అప్పుడే ఆయన జేబులోంచి కాగితం తీశాడు. 2019 చట్టం కింద కౌలు రైతుకి ఇచ్చే సాగుదారు కార్డు, పదకొండు నెలలది. అది ఉంటే బ్యాంకు పంట రుణం అడగొచ్చు, నష్టం వస్తే పరిహారం ఆయనకే రావచ్చు. యజమాని సంతకం కావాలి. ‘నీ భూమి ఎక్కడికీ పోదమ్మా, అందులో రాసే ఉంది’ అన్నాడు. నిజమే, రాసి ఉంది. నేను మూడుసార్లు చదివాను. నాన్నగారిని అడిగి చెబుతానన్నాను. నాన్నగారు వద్దంటారని నాకు తెలుసు.

కాగితం నా బ్యాగులోనే ఉంది, బోర్డో జాబితా ప్రింటవుట్ పక్కన. ఈసారి నాట్లు మొదలయ్యాయని నిన్న బాబాయ్ ఫోన్ చేశాడు. కార్డు సంగతి అడగలేదు.