వెనక సీటును అడిగారా?

షాకబ్జర్లు మార్చే ముచ్చటంతా మన దగ్గర మెకానిక్‌కూ బండి నడిపేవాడికీ మధ్యే తెగిపోతుంది. "అన్నా, గ్యాస్‌వి ఏద్దామా?" అంటాడు అతను. "ఎయ్యి, గట్టిగుండాలె" అంటాడు ఇతను. వెనక కూర్చునే మనిషిని ఎవరూ అడగరు. నడిపేవాడు రెండు చక్రాల నడుమ కూర్చుంటాడు కాబట్టి వెనక చక్రం గుంతలో పడ్డా అతనికి సగమే తెలుస్తుంది. వెనక మనిషి దాదాపు ఇరుసు మీదే ఉంటుంది. చక్రం ఎంత లేస్తే నడుము అంత లేస్తుంది.

కొడిమ్యాల నుంచి జగిత్యాలకో కొండగట్టుకో పోయే బండ్లు చూడండి. ఒకవైపు కాళ్లేసుకుని, ఒడిలో పిల్లను పెట్టుకుని, ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో వెనక కడ్డీ పట్టుకుని ఉంటుంది ఆమె. స్పీడ్ బ్రేకర్ కనబడగానే పాదాల మీద కాస్త లేచే వీలు నడిపేవాడికుంది. ఆమెకు అది ఎప్పుడొస్తుందో కూడా తెలియదు.

1994లో వచ్చిన స్ప్లెండర్ ఇప్పటికీ ఊరూరా తిరుగుతోంది. దాని వెనక స్ప్రింగుకు ఐదు మెట్ల కాలర్ ఉంటుంది. ఒక్కరే పోతే కింది మెట్టు, ఇద్దరెక్కితే పైది. చాలా బండ్లలో అది కొన్ననాటి మెట్టు మీదే మట్టి పట్టి బిగుసుకుపోయి ఉంటుంది. మెట్టు పెంచితే స్ప్రింగు గట్టిపడుతుందని అందరూ అంటారు గానీ, గట్టిపడదు. బండి వెనక భాగం కాస్త లేస్తుంది, బరువెక్కాక కుంగడానికి చోటు మిగులుతుంది, అంతే. పై మెట్టులో పెట్టినా ఇద్దరెక్కగానే అడుగుకు తగులుతోందంటే అప్పుడు స్ప్రింగునే మార్చాలి.

స్ప్రింగు బరువు మోస్తుంది. ఊపును ఆపేది మాత్రం లోపలి నూనె. సన్నని రంధ్రాల గుండా పిండినట్టు పోతూ ఆ ఊపును వేడిగా మార్చేస్తుంది. సీటును గట్టిగా నొక్కి వదిలేయండి, ఒకసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడుసార్లు ఊగిందంటే నూనె పనైపోయినట్టే. రాడ్డు మీద జిడ్డుకు దుమ్ము అంటుకుని నల్లటి పూతలా కనబడినా అంతే. అప్పుడు జత మార్చాలి, ఒకటే మార్చడం దండగ.

ఇక గ్యాస్. పల్సర్‌కు నైట్రాక్స్ పేరుతో బజాజ్ ఇచ్చాక దీనికి ఎక్కడలేని మోజు వచ్చింది. ఒత్తిడితో నింపిన నైట్రోజన్ చేసేది ఒకటే: గతుకుల దారిలో అదే పనిగా ఆడి వేడెక్కిన నూనె నురగ కట్టకుండా చూడడం. అది మంచి పనే. జగిత్యాల దాకా పోయొచ్చేవాడికి దానివల్ల ఎంత తేడా తెలుస్తుందో నాకైతే అనుమానమే. పక్కన బంగారు రంగు డబ్బా అతికించి, లోపల ఏమీ లేకుండా అమ్మేవి కూడా ఉన్నాయి.

ఈ విద్యలో గొప్ప మలుపులు చాలా పందెం బండ్ల నుంచే వచ్చాయి. బెల్జియంకు చెందిన లూసియన్ టిల్‌కెన్స్ రెండు షాకబ్జర్ల చోట ఒక్కటే పెట్టే పద్ధతి కనిపెట్టి యమహాకు ఇచ్చాడు. 1973లో హోకన్ ఆండర్సన్ ఆ బండితో 250 సీసీ మోటోక్రాస్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ బండ్లకు వెనక సీటే ఉండదు మరి.

పొడుగు షాకబ్జర్లు వేయించే కుర్రాళ్లకూ ఒక మాట. వెనక లేస్తే చైన్ బిగువు మారుతుంది, సైడ్ స్టాండ్ మీద బండి మరీ ఒరుగుతుంది. అన్నిటికంటే ముందు, మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎక్కలేదు.

బిగించాక మెకానిక్ ఒక్కడే గల్లీ చివరిదాకా పోయొచ్చి "సూపర్ అన్నా" అనడం పరీక్ష కాదు. రోజూ వెనక కూర్చునే మనిషిని ఎక్కించుకుని, రోజూ పోయే గుంతల దారిలోనే పోవాలి. "జర మెల్లగ పోనియ్యి బిడ్డా" అని వినబడితే పక్కకు ఆపి ఒక మెట్టు మార్చి చూడండి. అందుకని ఆ రోజు కాలర్ తిప్పే పానా వెంట ఉంచుకోండి.