మనిషి నడిపే కొట్టు, పద్ధతి నడిపే కొట్టు

మోడల్ రైలు ఇంజను వంకాయలా నొక్కి చూసి కొనే వస్తువు కాదు. ప్లాస్టిక్ మూత కింద, ఫోమ్ గూటిలో పడుకుని ఉంటుంది. మోటారు తిరుగుతుందా, చక్రాలు పట్టాల నుంచి కరెంటు సరిగ్గా అందుకుంటాయా, ముందు దీపం వెలుగుతుందా అన్నది పట్టాల మీద పెట్టేదాకా తెలియదు. అమెరికాలో మంచి ఇంజను ధర వంద డాలర్లు సులువుగా దాటుతుంది. శబ్దం కూడా చేసేదైతే మూడు వందలకు చేరుతుంది. అంత డబ్బు పోసి కొనేవాడికి ఆ పెట్టె మీద నమ్మకం కలిగించాల్సింది కొట్టే.

పన్నెండేళ్లుగా అమెరికాలో ఈ కొట్ల చుట్టూ తిరుగుతున్నాను. జపాన్ వెళ్లిన రెండుసార్లూ టోక్యో కొట్లలో రోజులకు రోజులు గడిపాను. రెండు దేశాల్లోనూ కొన్నాను, మోసపోయినంత బాధా పడ్డాను, కళ్లు చెమర్చేంత ఆనందమూ పొందాను. ఆ రెండు రకాల కొట్లనూ పక్కపక్కన పెట్టి మూడు ప్రశ్నలతో తూచి చూస్తాను. కొనేముందు ఏం చూడనిస్తారు? తెలియనివాడు అడిగితే ఏం చెబుతారు? కొన్నది చెడిపోతే ఏం చేస్తారు?

నాకు తేలింది ముందే చెబుతాను. అమెరికా కొట్టు బలమంతా కౌంటర్ వెనక నిలబడ్డ మనిషిలో ఉంది. జపాన్ కొట్టు బలం పద్ధతిలో ఉంది. పద్ధతి లేని కొట్టును నేను మంచి కొట్టు అనను. మనిషి లేని కొట్టును గొప్ప కొట్టు అనను.

ఇల్లు ఎలా ఉంటే కొట్టు అలా

ఈ తేడాకు మూలం జాతి స్వభావాల్లో వెతకనక్కర్లేదు, ఇళ్లలో ఉంది. అమెరికాలో చాలా ఇళ్ల కింద బేస్‌మెంట్ ఉంటుంది. అక్కడ ఎక్కువమంది నడిపేది హెచ్‌ఓ స్కేలు. అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. బేస్‌మెంట్లో చెక్క బల్లలు కట్టి, ఫోమ్‌తో కొండలు చెక్కి, పట్టాల కింద కంకర పోసి, ఊళ్లు కట్టి ఏళ్ల తరబడి పెంచుకుంటారు. కాబట్టి కొట్టు కూడా ఇల్లు కట్టేవాడి సామాన్ల కొట్టులా ఉంటుంది. పట్టాలు, పాయింట్లు, రంగు సీసాలు, పొడి గడ్డి సంచులు, చిటికెన వేలి గోరంత కప్లింగులు. పని ఏళ్లు సాగుతుంది గనక ప్రతి దశలోనూ సందేహం వస్తుంది. సందేహంతో వచ్చినవాడు కౌంటర్ దగ్గర నిలబడతాడు. అలా ఆ కౌంటర్ మన ఊరి రచ్చబండ అయింది.

టోక్యో ఇళ్లలో అంత చోటెక్కడ? కాటో సంస్థ 1965లో జపాన్‌కు మొదటి ఎన్ గేజ్ మోడల్‌ను, సీ50 ఆవిరి ఇంజనును తెచ్చింది. ఎన్ గేజ్‌లో పట్టాల మధ్య దూరం 9 మిల్లీమీటర్లే. కింద కంకర కూడా కలిపి పోతపోసిన పట్టాలను సాయంత్రం నేల మీద బిగించి, పరుపు పరిచే వేళకు విప్పేయొచ్చు. రైలు పెట్టెలు పుస్తకం ఆకారంలో ఉన్న కేసులో వస్తాయి, అలమరలో నిలబెట్టుకోవచ్చు. ఇంట్లో చోటు లేని లోటును కొట్టు తీరుస్తుంది. లోపల పెద్ద బల్ల మీద ఊళ్లు, వంతెనలు, స్టేషన్లతో నాలుగైదు లైన్ల పట్టాలు వేసి ఉంటాయి. గంటకు ఇంత అని కట్టి, మన రైలును మనమే నడుపుకోవచ్చు. రెంటల్ లేఔట్ అంటారు. మనింట్లో లేని బేస్‌మెంట్‌ను గంటల లెక్కన అద్దెకు ఇస్తున్నారన్నమాట.

కొనేముందు

ఈ మొదటి ప్రశ్నలో జపాన్ నిస్సందేహంగా ముందుంది. టోక్యోలోని అకిహబరలో ఒక కొట్టులో పాత సరుకు అరలు చూశాను. ప్రతిదానికీ పారదర్శకమైన సంచి, సంచికి ఒక చీటీ. అకిహబర స్టేషన్లో కళ్లముందు పరుగెత్తే యమనోతె లైన్ రైలు పాత సెట్ ఒకటి తీశాను. చీటీ జపనీస్‌లో ఉంది. ఫోను కెమెరాతో చదివిస్తే ఒక పెట్టెకు కప్లింగ్ లేదని, ఒక దీపం మందంగా వెలుగుతుందని రాసి ఉంది. కౌంటర్ దగ్గరున్న అబ్బాయి కేసు తెరిచి, పెట్టెలన్నీ ఒక్కొక్కటే చూపించాడు. చీటీలో రాసిన రెండు లోపాలనూ మళ్లీ వేలితో చూపించాడు. తర్వాత పరీక్ష పట్టాల మీద పెట్టి నడిపించాడు. నేను తలూపాకే డబ్బు తీసుకున్నాడు. మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. అయినా ఆ వస్తువు గురించి అతనికి తెలిసిందంతా నాకూ తెలిసింది.

అమెరికాలోనూ మంచి కొట్లలో కౌంటర్ మీద చిన్న పరీక్ష పట్టా ఉంటుంది. పాత ఇంజను తెస్తే ఎన్ఎంఆర్ఏ అనే మోడల్ రైళ్ల సంఘం కొలబద్ద పెట్టి చక్రాల మధ్య దూరం సరిచూసి ఇచ్చేవాళ్లను చూశాను. ఆ సంఘం 1935లో ఏర్పడి, వేర్వేరు తయారీదార్ల పెట్టెలు ఒకే పట్టా మీద నడిచేలా కొలతలు స్థిరపరిచింది. కానీ పరీక్షించి ఇవ్వడం అక్కడ ఆచారం కాదు, ఆ కొట్టువాడి మంచితనం. మంచితనం ప్రతి ఊళ్లో దొరకదు.

నేను కొత్తలో ఒక కొట్టుకు వెళ్లి డీసీసీ మీద నడిచే ఇంజను కావాలన్నాను. డీసీసీలో పట్టాల్లో ఎప్పుడూ ఒకే వోల్టేజి ఉంటుంది, ఇంజనులోని డీకోడర్ అనే చిప్ తనకొచ్చిన ఆదేశాన్ని మాత్రమే పాటిస్తుంది. పెట్టె మీద ‘డీసీసీ రెడీ’ అని ఉన్న ఇంజను చేతికిచ్చారు. ఇంటికొచ్చి పట్టాల మీద పెడితే కదల్లేదు. తుమ్మెదలా రొద పెట్టి వేడెక్కింది. ‘రెడీ’ అంటే డీకోడర్ గుచ్చుకునే సాకెట్ ఉందని మాత్రమేనట, డీకోడర్ విడిగా కొనుక్కోవాలట. తిరిగి తీసుకెళ్తే, తెరిచిన ఎలక్ట్రికల్ సరుకు వాపసు తీసుకోం అన్నారు. అమ్మేటప్పుడు అర నిమిషం డీసీసీ పట్టాల మీద పెట్టి ఉంటే ఈ కథే లేదు. పద్ధతి లేనిచోట కొత్తవాడి అజ్ఞానానికి కొత్తవాడే వెల కడతాడు.

తెలియనివాడు అడిగినప్పుడు

రెండో ప్రశ్నకు వచ్చేసరికి తక్కెడ అమెరికా వైపు ఒరుగుతుంది.

మాది కాజీపేట. మా బాపు అక్కడి డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. నాకు రైలంటే డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజనే. ఏ దేశం కొట్టులోనైనా నేను అడిగే మొదటి ప్రశ్న అదే: ఇండియా డీజిల్ ఇంజను ఉందా?

టోక్యోలో అడిగితే రెండు చేతులూ అడ్డంగా పెట్టి, తల వంచి, లేదన్నారు. మర్యాదకు లోటు లేదు. సంభాషణ అంతటితో అయిపోయింది. ఆ కొట్టు ఏర్పాటులో నా ప్రశ్నకు అర లేదు.

అమెరికాలో ఒక శనివారం ఉదయం ఒక చిన్న ఊరి కొట్టులో అదే ప్రశ్న వేశాను. కౌంటర్ వెనక డెబ్బై దాటిన పెద్దాయన. లేదనలేదు. ‘మీ ఇంజనుకు చక్రాలెన్ని, ఎవరి డిజైను?’ అని అడిగాడు. ఆరు ఇరుసులు, ఆల్కో అన్నాను. ఆయన ముఖం వెలిగింది. అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ, 251 ఇంజను, పదహారు సిలిండర్లు, 2,600 హార్స్ పవర్ అని ఆయనే వరసగా చెప్పాడు. తొలి డబ్ల్యూడీఎం-2లు 1962లో ఆ కంపెనీ నుంచే మనకు వచ్చాయి, తర్వాత వారణాసిలో తయారయ్యాయి. స్కెనెక్టడీ కార్ఖానా 1969లో మూతపడింది. ‘మా దగ్గర ఎప్పుడో ఆగిపోయిన వంశం మీ ఊళ్లో బతికిందన్నమాట’ అంటూ పైఅర నుంచి ఆల్కో సెంచురీ ఇంజను దించాడు. రూపం వేరైనా ఇదీ ఆరు ఇరుసులదే, గుండె అదే 251 అన్నాడు. దాని డీకోడర్‌లో ఉన్నది అసలు ఆల్కో శబ్దమని చెప్పాడు.

హెచ్‌ఓ పట్టా మీద మన ఇంజను ఎందుకు సరిగ్గా కుదరదో కూడా ఆయనే కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లు. 87తో భాగిస్తే 19.3 వస్తుంది. హెచ్‌ఓ పట్టా 16.5 మాత్రమే. కాబట్టి మన రైలును దాని మీద పెడితే కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడ్డట్టు ఉంటుంది. ఏ చీటీ మీదా ఉండని చదువు ఇది.

ఇదే కౌంటర్‌కు ఇంకో ముఖమూ ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఇంకో ఊరి కొట్టులో నలుగురు పాతకాపులు కౌంటర్ చుట్టూ చేరి కబుర్లాడుతుంటే, లోపలికొచ్చిన కొత్తవాణ్ని పావుగంట ఎవరూ పలకరించలేదు. ఆ కొత్తవాణ్ని నేనే. మరోసారి నా భార్య వెళ్లి డీకోడర్ అడిగితే ‘మీ ఆయన్ని పంపించండి’ అన్నారు. ఇంట్లో సన్న తీగలు సోల్డర్ చేసేది ఆవిడే. కొట్టు బలం మనిషి అయినప్పుడు ఆ మనిషి సంకుచితత్వం కూడా కొట్టుదే అవుతుంది. జపాన్ పద్ధతికి ఈ జబ్బు లేదు. చీటీ ఆడా మగా చూడదు, రంగు చూడదు.

ఆ పద్ధతి కొత్తవాణ్ని ఎలా కలుపుకుంటుందో దానికి మా ఎనిమిదేళ్ల అబ్బాయికి దక్కిన అనుభవమే సాక్ష్యం. అకిహబరలో కొన్న ఆ పాత రైలునే అక్కడి రెంటల్ లేఔట్ మీద పెట్టాం. కొట్టు అమ్మాయి చిన్న వాలుబల్ల మీదుగా పెట్టెలను పట్టాలెక్కించి, కంట్రోలర్ గుండీ ఎటు తిప్పితే వేగమో, ఎటు తిప్పితే ఆగుతుందో వాడి చెయ్యి పట్టి చూపించింది. పది నిమిషాల్లో వాడు డ్రైవరయ్యాడు. అమెరికాలో వాడి చేతికి కంట్రోలర్ రావడానికి నేను మూడు నెలలు బల్ల కట్టాల్సి వచ్చింది.

చెడిపోయినప్పుడు

మూడో ప్రశ్నకు రెండు దేశాలూ వేర్వేరు దారుల్లో మంచి జవాబే ఇస్తాయి. నా ఇంజను ఒకటి చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కుమని కుంటడం మొదలుపెట్టింది. పెద్దాయన దగ్గరికి తీసుకెళ్తే చూడకుండా, విని చెప్పాడు: ఇరుసు మీది ప్లాస్టిక్ పళ్లచక్రం చిట్లింది. కొన్ని డాలర్ల ముక్క మార్చాడు. మారుస్తున్నంతసేపూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఎలా విప్పాలో నేర్పాడు.

జపాన్‌లో మరమ్మతు విద్యను సంచుల్లో పెట్టారు. కాటో తన రైళ్ల విడిభాగాలను ‘అస్సీ’ పేరుతో, నంబర్లు వేసి అమ్ముతుంది. టోక్యో నిషి-ఒచియాయ్‌లో ఆ సంస్థ సొంత కొట్టుంది. విరిగిన కప్లింగ్ నంబరు తెలిస్తే చాలు, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. నంబరు తెలియనివాడికి మాత్రం ఆ గోడంతా మూగదే.

మూతపడ్డ తలుపులు

మనిషి మీద నిలిచిన కొట్టు ఆ మనిషితోనే వెళ్లిపోతుంది. డెన్వర్‌లో 1938లో మొదలైన కెబూస్ హాబీస్ చాలా పెద్ద రైలు కొట్టు. 2016లో తలుపులు మూసింది. ఆ పేరులోని సగం నిలబెట్టుకుంటూ పక్కనున్న లేక్‌వుడ్‌లో మళ్లీ ఒక కొట్టు లేచింది. ఇంగ్లండులో 1946లో లివర్‌పూల్‌లో పుట్టిన హ్యాటన్స్ మూసేస్తున్నట్టు 2024 జనవరిలో ప్రకటించింది. హ్యాటన్స్ ఆన్‌లైన్‌లోనూ పెద్ద వ్యాపారమే చేసింది. కాబట్టి ఇంటర్నెట్టే కొట్లను మింగిందని ఒక్క ముక్కలో తేల్చేయలేం.

అయినా కొనేవాళ్లుగా మన వాటా మనం ఒప్పుకోవాలి. అరగంట సలహా తీసుకుని, బయట కారులో కూర్చుని అదే ఇంజనును పది డాలర్లు తక్కువకు ఫోనులో ఆర్డరు చేసేవాళ్లు చాలామంది. ఒకసారి నేనూ చేశాను. ఆ ఇంజనును పట్టాల మీద పెట్టినప్పుడల్లా ఆ అరగంట గుర్తొస్తుంది. సలహాకు విడిగా వెల లేదు. దాని వెల సరుకు ధరలోనే కలిసి ఉంటుంది. సరుకు వేరేచోట కొన్నవాడు సలహాను ఉచితంగా ఎత్తుకెళ్లినట్టే.

తీర్పు

కొనేముందు చూపించడంలో జపాన్ ముందు. ప్రశ్నకు జవాబివ్వడంలో, మంచి మనిషి దొరికినప్పుడు, అమెరికా ముందు. మరమ్మతులో సమానం. మొత్తం మీద ఒకటి ఎంచుకోమంటే, ఈ వ్యాపకంలోకి తొలి అడుగు వేసేవాణ్ని నేను జపాన్ కొట్టుకే పంపుతాను. అక్కడ అతని అజ్ఞానాన్ని ఎవరూ సొమ్ము చేసుకోరు. రేపు హైదరాబాదులోనో విజయవాడలోనో ఎవరైనా ఇలాంటి కొట్టు పెడితే ఆ పద్ధతితోనే మొదలుపెట్టాలని కోరుకుంటాను. మన రెండు పడకగదుల ఫ్లాట్లకూ బేస్‌మెంట్లు లేవు. కానీ అక్కడికి వచ్చే పిల్లవాడు అడగబోయేది యమనోతె లైన్ రైలు కాదు. అందుకే కౌంటర్ వెనక ఒక మనిషి కూడా ఉండాలి.

రెండూ కలిసిన ఒక ఉదయం నాకు దక్కింది. ఆ శనివారం పెద్దాయన సెంచురీని కౌంటర్ మీది పరీక్ష పట్టాకు ఎక్కించి ఇంజను స్టార్ట్ చేశాడు. గుడగుడమని మొదలై, గుర్రం నడకలా ఎగుడుదిగుడుగా ఆ శబ్దం కొట్టంతా నిండింది. నేను కాజీపేటకు ఫోను కలిపాను. అక్కడ రాత్రి ఎనిమిది దాటింది. ఏమీ చెప్పకుండా ఫోను ఇంజను దగ్గర పెట్టాను. అవతల బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: “ఐడిల్‌ల ఉన్నది గదరా. ఒక నాచ్ ఎయ్యి, ఇందాం.”

ఆ మాటను పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నవ్వి కంట్రోలర్ నా చేతికిచ్చాడు.