లోపలి మనిషి, వెలుపల మిగిలిన ఊరు : ఉత్తరవయసు ఆత్మకథనాల్లో స్థలం, స్వరం

వ్యాససంగ్రహం

పి.వి. నరసింహారావు తన డెబ్బై ఏడవ ఏట ప్రచురించిన ‘ది ఇన్‌సైడర్’ (1998) ఆత్మకథ కావలసిన చోట నవల అయింది. ఇరవై ఏళ్ళపాటు ఆయన శాసనసభలో ప్రాతినిధ్యం వహించిన మంథని ప్రాంతం ఈ ఎంపిక వల్ల ఊహాజనిత రాష్ట్రంలో కలిసిపోయింది. అదే కాలపు అనుభవాన్ని కాళోజీ, దాశరథి సోదరులు చెప్పుకున్న తీరుతో పోల్చి, ఉత్తరవయసు రచనలో ‘నేను’ అనడానికీ ఊరి పేరు చెప్పడానికీ ఉన్న సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఆత్మకథ, ఉత్తమపురుష కథనం, పి.వి. నరసింహారావు, లోపలి మనిషి, కాళోజీ, దాశరథి రంగాచార్య, మహదేవపూర్

1. ఉపోద్ఘాతం

డిగ్రీ తరగతిలో ‘స్వీయచరిత్రలు’ పాఠం చెబుతున్నప్పుడు ‘లోపలి మనిషి’లోని కొన్ని పుటలు విద్యార్థులకు చదివి వినిపించాను. మహదేవపూర్ నుంచి వచ్చే ఒక విద్యార్థి చివరిదాకా విని, “గిండ్ల మన దిక్కు ఏడున్నది మేడమ్?” అని అడిగాడు. అతని తాత పి.వి.కి ఓటు వేసినవాడు. ఇంట్లో ఆ మాట ఎన్నోసార్లు విన్నాడు కాబట్టి పుస్తకంలో తమ ఊరు ఉంటుందని అనుకున్నాడు. నవలలో కల్పిత స్థలాలు ఉంటాయని, స్థలాన్ని కాక సారాన్ని చూడాలని నేను పాఠ్యపుస్తకపు సమాధానం చెప్పాను. అతను తల ఊపాడు గాని తృప్తి పడలేదు. ఇంటికి వచ్చి ఆలోచిస్తే ఆ సమాధానం నాకూ తృప్తినివ్వలేదు.

పి.వి. 1957 నుంచి 1977 వరకు మంథని శాసనసభ్యుడు. ఆ తరువాత హన్మకొండ, రాంటెక్, నంద్యాల, బరంపురం ఆయనను లోక్‌సభకు పంపాయి. ఆయన ఎన్నికల విజయాలకు మాత్రం మంథనే మొదటి మెట్టు. గోదావరి ఒడ్డున, అడవి అంచున ఉన్న మహదేవపూర్ ఇప్పటికీ మంథని నియోజకవర్గంలోనే ఉంది. 2016లో జిల్లాలను విభజించినప్పుడు మంథని పట్టణం పెద్దపల్లి జిల్లాకూ, మహదేవపూర్ భూపాలపల్లి జిల్లాకూ వెళ్ళాయి. అంటే ఆ విద్యార్థి అడిగిన ‘మన దిక్కు’ ప్రభుత్వ దస్త్రాల్లోనూ ఒక్కచోట దొరకదు. అందుకని సాహిత్యంలోనైనా దొరుకుతుందా అన్న ప్రశ్న తేలికైనది కాదు.

2. ఆనంద్, అఫ్రోజాబాద్

‘ది ఇన్‌సైడర్’ ఇంగ్లీషులో వెలువడింది. కల్లూరి భాస్కరం అనువాదంతో తెలుగులో ‘లోపలి మనిషి’ అయింది. కథానాయకుడు ఆనంద్. సంస్థాన పాలనలో పుట్టి, స్వాతంత్ర్యోద్యమంలో పెరిగి, శాసనసభ్యుడై, మంత్రియై, చివరకు అఫ్రోజాబాద్ అనే రాష్ట్రానికి ముఖ్యమంత్రి అవుతాడు. భూసంస్కరణల పోరులో చిక్కుకుంటాడు, పదవి కోల్పోతాడు. 1971 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియై 1973 జనవరిలో పదవి నుంచి దిగిపోయిన పి.వి. కథ ఇదేనని గుర్తుపట్టడానికి పరిశోధన అక్కర్లేదు.

గమనించవలసింది పేర్ల విషయంలో ఆయన పాటించిన పద్ధతి. నెహ్రూ నెహ్రూగానే ఉన్నాడు, ఇందిరాగాంధీ ఇందిరాగాంధీగానే ఉంది, ఢిల్లీ ఢిల్లీగానే ఉంది. రాష్ట్రం దగ్గరికి వచ్చేసరికి ముఖ్యమంత్రులు మహేంద్రనాథ్, చౌదరి అయ్యారు. రాజధానికి, జిల్లాకు, నియోజకవర్గానికి అసలు పేర్లు లేవు. దేశరాజధాని చరిత్రగా, స్వస్థలం కల్పనగా నిలబడ్డాయి. జీవించి ఉన్న సహచరులను నొప్పించకూడదన్న మర్యాద ఇందుకు ఒక కారణం కావచ్చు. అధికారం పోయాక న్యాయస్థానాల చుట్టూ తిరగవలసి వచ్చిన కాలంలో వెలువడిన పుస్తకం కాబట్టి జాగ్రత్త మరో కారణం కావచ్చు. కారణమేదైనా ఫలితం ఒక్కటే. పెద్దవాళ్ళు తమ పేర్లతో చరిత్రలో నిలిచారు, ఓటు వేసినవాళ్ళు ఉపమానాలైపోయారు.

ముసుగు వల్ల లాభమే లేదనలేం. తెలుగు రాజకీయ నాయకుల స్వీయచరిత్రలు చాలావరకు జైలు, పదవి, సన్మానం అనే మూడు మజిలీల మీదుగా నడుస్తాయి. వాటిలో దొరకని లోతట్టు విషయాలు ‘లోపలి మనిషి’లో ఉన్నాయి. టిక్కెట్లు ఎలా పంచుతారు, ముఠా ఎలా కడతారు, భూమి చట్టం కాగితం మీద ఒకలా ఉండి కచ్చేరి గుమ్మం దాటేసరికి మరొకలా ఎలా మారుతుంది అన్నవి లోపల మసలినవాడికి తప్ప తెలియవు. ‘నేను’ అని రాసి ఉంటే ఆయన ఇంత చెప్పేవాడు కాడు. అంతవరకు ప్రథమపురుష కథనం రచయితకు ధైర్యాన్ని ఇచ్చింది.

అయితే ఆ ధైర్యం ఇతరుల గురించి చెప్పినంత గట్టిగా తన గురించి చెప్పలేదని నా అభిప్రాయం. ఆనంద్ ఆలోచిస్తాడు, బాధపడతాడు, విశ్లేషిస్తాడు. తప్పులు మాత్రం ఎక్కువగా అతని చుట్టూ జరుగుతాయి. ఆత్మకథలో రచయిత తనను తాను తప్పించుకుంటే పాఠకుడు పట్టుకుంటాడు. నవలలో పాత్ర తప్పించుకుంటే దాన్ని పాత్రచిత్రణ అంటాం. ఈ తేడాను పి.వి. బాగా వాడుకున్నాడు.

ఇంకొక వెలితి కాలానికి సంబంధించినది. డెబ్బై ఏడేళ్ళ మనిషి పుస్తకం దాదాపు యాభై ఏళ్ళ వయసు దగ్గర ఆగిపోతుంది. ప్రధానమంత్రిగా గడిపిన అయిదేళ్ళు అందులో లేవు. అయోధ్య గురించి రాసినది 2004లో ఆయన మరణించాక 2006లో వచ్చింది. ఉత్తరవయసు దినచర్య, తగ్గిపోయిన సందర్శకులు, ఒంటరి సాయంత్రాలు పుస్తకంలోకి రానే లేదు. ముసలితనంలో రాసినవన్నీ ముసలితనం గురించినవి కావు, నిజమే. కానీ ఎక్కడ కూర్చుని వెనక్కి చూస్తున్నాడో చెప్పని చూపులో ఏదో కొరత ఉంటుంది.

3. ‘నేను’ తెలిసిన అనువాదకుడు

పి.వి.కి ఉత్తమపురుష కథనం రాదనుకుంటే పొరపాటు. హరినారాయణ ఆప్టే మరాఠీ నవల ‘పణ్ లక్షాత్ కోణ్ ఘేతో’ను ఆయన ‘అబల జీవితము’గా తెలుగు చేశాడు. అది యమున అనే స్త్రీ తన బతుకును తానే చెప్పుకునే నవల. ‘కానీ ఎవరు పట్టించుకుంటారు’ అన్న అర్థంలో ఉన్న మూలపు శీర్షికలోనే పేరులేని మనుషుల ఫిర్యాదు ఉంది. ఒక స్త్రీ గొంతులో ‘నేను’ అనడానికి అంత శ్రమపడిన అనువాదకుడు తన వంతు వచ్చేసరికి ‘ఆనంద్’ అన్నాడు.

అంతకుముందే ‘గొల్ల రామవ్వ’ ఉంది. ‘విజయ’ అన్న కలంపేరుతో 1949లో ‘కాకతీయ పత్రిక’లో వచ్చిన కథ అది. నిజాం పోలీసులు వెంటాడుతున్న ఒక యువకుణ్ణి ముసలామె తన గుడిసెలో దాచి, తన ఇంటి మనిషిగా చూపి కాపాడుతుంది. సాహసం కంటే ఎక్కువగా నిలిచిపోయేది రామవ్వ మాట. ఆమె మాట్లాడేది తెలంగాణ పల్లె తెలుగు, అందులో కులమూ వయసూ గుడిసె చీకటీ అన్నీ తెలుస్తాయి. కలంపేరు చాటున రచయిత దాక్కున్నాడు గాని స్థలాన్ని దాచలేదు. యాభై ఏళ్ళ తరువాత రచయిత పేరు అట్టమీదికి వచ్చింది, స్థలం దాక్కుంది. ఈ తారుమారును మన విమర్శ తగినంతగా గుర్తించలేదనుకుంటాను. ఇంగ్లీషులో రాయడమే ఇందుకు కారణమని కొందరంటారు. కొంత నిజం. రామవ్వ ఇంగ్లీషులో మాట్లాడలేదు. అలాగని తెలుగు అనువాదంలోకి వచ్చాక ఆమె తిరిగి రాలేదు, రావడానికి మూలంలో ఆమెకు చోటు ఉండాలి కదా.

4. యాత్ర, యానం, గొడవ

ఇదే నేల నుంచి వచ్చిన మరి మూడు ఆత్మకథల పేర్లను పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. దాశరథి కృష్ణమాచార్య తన ఆత్మకథకు ‘యాత్రాస్మృతి’ అని పేరు పెట్టుకున్నాడు. తమ్ముడు రంగాచార్య ‘జీవనయానం’ అన్నాడు. కాళోజీ ‘ఇదీ నా గొడవ’ అన్నాడు. అన్నదమ్ములిద్దరూ మానుకోట దగ్గరి చిన్నగూడూరు వాళ్ళు. ఇద్దరూ జీవితాన్ని ప్రయాణంగానే ఊహించారు. ప్రయాణానికి బయలుదేరిన ఊరు ఉండాలి, దారిలో ఊళ్ళు ఉండాలి, వాటికి పేర్లు ఉండాలి. ‘లోపలి మనిషి’ శీర్షికలో మాత్రం కదలిక లేదు. లోపల ఉండడమే అతని అర్హత.

రంగాచార్య విషయంలో మరో విశేషం ఉంది. ఆయన ముందుగా ‘చిల్లర దేవుళ్ళు’, ‘మోదుగుపూలు’, ‘జనపదం’ నవలల్లో దొరల కాలపు తెలంగాణను కల్పనగా రాశాడు. కల్పన పని పూర్తయ్యాక, వయసు మళ్ళాక, ‘జీవనయానం’లో ఉత్తమపురుషకు వచ్చాడు. అక్కడ తిండి, చదువు, ఉర్దూ బడి, ఇంటి ఆచారం, అప్పు, అవమానం అన్నీ సొంత పేర్లతో వస్తాయి. పి.వి. నడిచింది సరిగ్గా దీనికి ఎదురుదారి. వయసులో కథ రాసినవాడు వార్ధక్యంలో ఆత్మకథను నవలలో దాచాడు. వీరిలో ఎవరు గొప్ప అన్నది నా ప్రశ్న కాదు. నిత్యజీవితం ఎవరి పుస్తకంలోకి రాగలిగింది అన్నది ప్రశ్న. గడిలో వెట్టి చేసేవాడి ఆకలిని నవల చూపగలదు. ఆ ఆకలిని చూసిన పిల్లవాడు ఆ పూట తాను ఏం తిన్నాడో చెప్పగలిగేది ఆత్మకథే.

కాళోజీ మరీ భిన్నం. తెలంగాణలో ‘గొడవ’ అంటే కొట్లాట ఒక్కటే కాదు, పట్టించుకున్న సంగతి, వదిలిపెట్టలేని బాధ కూడా. ‘నా గొడవ’ కవితలకు పెట్టిన పేరునే ఆయన ఆత్మకథకూ కొనసాగించాడు. బతుకుకూ రాతకూ మధ్య ఆయన గోడ కట్టుకోలేదు. ఆ పుస్తకం మాట్లాడుతున్నట్టే సాగుతుంది. ఒక సంగతి చెబుతూ మరొకదానిలోకి వెళ్తుంది, తేదీలు వెనకాముందవుతాయి. పరిశోధకుడికి అది తలనొప్పి, అయినా మనిషి ఎక్కడున్నాడో ఎప్పుడూ తెలుస్తుంది. అరవై దాటాక, 1978లో, సత్తుపల్లిలో జలగం వెంగళరావు మీద పోటీ చేసి ఓడిపోయిన మనిషి ఆయన. అత్యవసర పరిస్థితి నాటి ఎన్‌కౌంటర్లపై విచారించిన తార్కుండే కమిటీలో సభ్యుడు. లోపలికి పోవడానికి కాక, బయట నిలబడి నిలదీయడానికే ఆయనకు ఉత్తరవయసు రాజకీయం ఉపయోగపడింది. అందుకని దాచవలసిన పేర్లు ఆయనకు తక్కువ.

ఇక్కడ ఒక అభ్యంతరాన్ని పట్టించుకోవాలి. అధికారంలో లేనివాడికి నిజం చెప్పడం సులువు, కాళోజీతో పి.వి.ని పోల్చడం న్యాయమా అని అడగవచ్చు. పోలిక వ్యక్తిత్వాల మధ్య అయితే న్యాయం కాదు. వరంగల్ సాహిత్య వాతావరణంలోనే మసలిన ఇద్దరు సమకాలికుల కథనపద్ధతుల మధ్య పోలిక ఇది. ఒకే అనుభవ ప్రపంచంలోంచి ఒకరు ఊరిని తీసుకుపోగలిగారు, మరొకరు వదిలేయవలసి వచ్చింది. అధికారానికి చెల్లించిన మూల్యాల్లో ఇదీ ఒకటి. దాన్ని లెక్కగట్టకుండా ‘లోపలి మనిషి’ని గొప్ప రాజకీయ నవల అని మెచ్చుకోవడం సగం చదువే.

5. నదికి ఈవల

పుస్తకంలోకి రాని ‘మన దిక్కు’ ఎలాంటిది? మహదేవపూర్ దసలి పట్టు నేసిన ఊరు. దసలి పురుగు మల్బరీ మీద బతకదు, మద్ది చెట్టు మీద పెరుగుతుంది. అడవికీ మగ్గానికీ అలా చుట్టరికం కలిసింది. దగ్గరలోని కాళేశ్వరంలో ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది, గుడిలో ఒకే పానవట్టం మీద యముడి పేర ఒకటి, శివుడి పేర ఒకటి రెండు లింగాలున్నాయి. అవతలి ఒడ్డు సిరోంచ, మరాఠీ నేల. నిజాం వ్యతిరేక పోరాట కాలంలో చాందా సరిహద్దు శిబిరంలో పనిచేసి, మరాఠీ నుంచి అనువాదం చేసిన మనిషికి ఈ రెండు భాషల ఒడ్డు కొత్త కాదు. ఈ అడవే తరువాత నక్సలైట్ ఉద్యమాన్ని, ఎన్‌కౌంటర్లను చూసింది. మంథని నుంచి గెలిచి శాసనసభాపతిగా పనిచేసిన శ్రీపాదరావును 1999లో ఇక్కడే చంపారు. ‘ది ఇన్‌సైడర్’ వెలువడి అప్పటికి ఏడాదే. భూసంస్కరణలు ఆగిన చోట ఏం మొదలైందో చెప్పే అధ్యాయం ఈ అడవిలో ఉంది. అది రాయగల చదువు, జ్ఞాపకం, పరిచయం మూడూ ఉన్నవాడు పి.వి. ఒక్కడే అనిపిస్తుంది.

రాయనివాళ్ళ ఉత్తరవయసు మాట కూడా ఉంది. ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను వాళ్ళ నోటి మాటగానే అచ్చువేసింది. చెప్పేవాళ్ళకు కలం లేకపోయినా ‘నేను’ ఉంది, ఊరు ఉంది. మహదేవపూర్ మగ్గాల దగ్గర అలా కూర్చుని రాసుకున్నవాళ్ళను నేనైతే చూడలేదు.

మా నాన్న ఉపాధ్యాయుడిగా విరమణ చేశాక నోటుపుస్తకాలు రాస్తున్నాడు. వాన, పింఛను, కాళేశ్వరం బస్సు ఆలస్యం, ఎన్నికల రోజు వరుసలో నిలబడిన సేపు అన్నీ అందులో ఉంటాయి. 2019లో మేడిగడ్డ బ్యారేజీ ప్రారంభం ఉంది, 2023లో పిల్లర్లు కుంగిన వార్త ఉంది, 2025 సరస్వతీ పుష్కరాల జనం ఉన్నారు. ఆయన ‘నేను’ అని ఎక్కడా రాయడు. ‘పోయిన’, ‘చూసిన’, ‘మందు మరిచిన’ అని రాస్తాడు. మా వాడుకలో ‘పోయిండు’ అంటే వేరేవాడు, ‘పోయిన’ అంటే చెబుతున్నవాడే. సర్వనామం లేకుండానే మనిషి అక్కడ ఉన్నాడు. వ్యాకరణం చెబుతూ ఇన్నేళ్ళు ఈ చిన్న రూపాన్ని మాండలిక భేదాల పట్టికలో ఒక గడిగా మాత్రమే చూశాను.

తరగతిలో ప్రశ్న అడిగిన విద్యార్థి తన ప్రాజెక్టు కోసం ఆ పుస్తకాలు కావాలన్నాడు. నాన్న రెండు రోజులు ఆలోచించి 2019ది ఒక్కటి ఇచ్చాడు. మిగతావి బీరువాలోనే ఉన్నాయి.