రోడ్డు పనిలో పరిసరాల తనిఖీ: కొలబద్ద ఎవరి చేతిలో?

రోడ్డు వేసే ప్రతి చోటా రెండు లెక్కలు నడుస్తవి. మొదటిది పని లెక్క. ఎన్ని ఘనపు మీటర్ల మట్టి తీసినారు, ఎంత కంకర పరచినారు, ఎంత తారు పోసినారు అన్నది ఇందులో ఉంటుంది. ఒక ఇంజనీరు ఈ లెక్కను కొలతల పుస్తకంలో వ్రాస్తే, పై ఇంజనీరు వచ్చి కొన్నింటిని తిరిగి కొలిచి సరిచూస్తాడు. అది తేలేవరకు బిల్లు మంజూరు కాదు. రెండవది పరిసరాల లెక్క. పని వల్ల గాలిలోకి ఎంత ధూళి లేచినది, పక్క ఏటిలో ఎంత బురద కలిసినది, రాత్రివేళ యంత్రాల మోత ఎంత, కోసిన కొండచరియ నిలకడగా ఉన్నదా అన్నవి ఇందులోని పద్దులు. మొదటి లెక్క తప్పితే నష్టపడేది ఖజానా. రెండవది తప్పితే నష్టపడేది ఆ గాలి పీల్చేవారు, ఆ ఏటి నీరు త్రాగేవారు, ఆ కొండ క్రింద నిద్రించేవారు. అయినా మొదటి లెక్కకు ఉన్న కట్టుదిట్టం రెండవ లెక్కకు లేదు. ఈ లోపం ఎక్కడ ఉన్నదో విచారించవలసిన అవసరం ఉన్నది.

ముందుగా రెండు మాటలకు అర్థం తెలుసుకోవడం మంచిది. పని జరుగుతున్నంత కాలం గాలిని, నీటిని, మోతను, నేల కదలికను క్రమం తప్పకుండా కొలుస్తూ ఉండటం పర్యవేక్షణ. ఆ కొలతలు సరిగా తీసినారా, అనుమతి ఇచ్చినప్పుడు పెట్టిన షరతులు నెరవేరినవా అని వేరొకరు పరీక్షించడం తనిఖీ, అంటే ఆడిట్. ఆసుపత్రిలో రోగి మంచానికి వ్రేలాడే జ్వరం చీటీ పర్యవేక్షణ వంటిది. ఆ ఉష్ణమాపకం సరిగా పనిచేస్తున్నదా, చీటీలో వ్రాసిన మందు రోగికి నిజంగా అందినదా అని చూడటం తనిఖీ వంటిది. జ్వరం చీటీని రోగి బంధువే ఇంటివద్ద కూర్చొని నింపితే దానికి విలువ ఉండదు.

పర్యవేక్షణకు పని మొదలు కాకముందే తీసిన కొలత ఒకటి ఉండవలెను. అది లేకపోతే తరువాత కనిపించిన బురద రోడ్డు పనివల్ల వచ్చినదో, వర్షం వల్ల వచ్చినదో చెప్పడానికి ఆధారం ఉండదు. కొలిచే చోటు, కొలిచే వేళ కూడ ముఖ్యమే. గాలి ఎటు వీస్తున్నదో చూడకుండా ధూళియంత్రాన్ని తారు కలిపే ప్లాంటుకు ఎగువ గాలి వైపున పెడితే ఎప్పుడూ మంచి ఫలితమే వస్తుంది.

సగటు అంకె కూడ ఒక్కొక్కప్పుడు నిజాన్ని దాస్తుంది. 2009లో ప్రకటించిన జాతీయ ప్రమాణాల ప్రకారం 10 మైక్రాన్ల లోపు ధూళి, 24 గంటల సగటున, ఘనపు మీటరు గాలిలో 100 మైక్రోగ్రాములకు మించరాదు. ఒక రోడ్డు పనిలో పగటి 8 గంటలు ధూళి 240 చొప్పున, తక్కిన 16 గంటలు 30 చొప్పున ఉన్నదనుకొంటే, మొత్తం 1920కి 480 కలిపి 24చేత భాగించగా వచ్చేది సరిగా 100. నివేదికలో ఇది ‘పరిమితిలో ఉన్నది’ అని నమోదవుతుంది. అందులో అబద్ధం లేదు. కాని ఆ 8 గంటలు అక్కడ పనిచేసిన కూలీలు, ఆ వేళ బడిలో కూర్చున్న పిల్లలు పీల్చిన గాలి 240 గాలి. తనిఖీకి వచ్చినవాడు సగటును మాత్రమే చూచి సంతకం చేస్తే ఈ సంగతి బయటపడదు.

మన దేశంలో పెద్ద ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి అన్నది 1994 నాటి ప్రకటనతో వచ్చినది. దాని స్థానంలో 2006 సెప్టెంబరు 14న మరొక ప్రకటన వెలువడినది. దాని ప్రకారం అనుమతి పొందినవారు షరతులు ఎంతవరకు పాటించినారో ప్రతి ఆరు నెలలకు ఒకసారి, జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక సమర్పించవలెను. ఇందులోని బలహీనత స్పష్టమే. నివేదిక వ్రాసేది షరతులకు లోబడవలసినవారే. 2016 సంవత్సరపు 39వ నివేదికలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ ఈ అమలునే పరీక్షించి, అర్ధవార్షిక నివేదికలు పంపడంలోనే పెద్ద లోటు ఉన్నదని ఎత్తిచూపినారు.

అసలు అనుమతి అవసరమే లేకపోతే షరతులు ఉండవు, షరతులు లేకపోతే తనిఖీకి చోటే ఉండదు. ఇందుకు ఉత్తరాఖండంలోని చార్ ధామ్ రహదారి మంచి ఉదాహరణ. యమునోత్రి, గంగోత్రి, కేదారనాథ్, బదరీనాథ్ క్షేత్రాలకు పోయే దారులను వెడల్పు చేసే ఈ పథకానికి 2016 డిసెంబరులో శంకుస్థాపన జరిగినది. మొత్తం పొడవు సుమారు 889 కిలోమీటర్లు. 2013లో సవరించిన నిబంధన ప్రకారం జాతీయ రహదారి విస్తరణ 100 కిలోమీటర్లు దాటి, అదనంగా తీసుకొనే స్థలం నిర్ణీత హద్దు మించినప్పుడే ముందస్తు అనుమతి కావలెను. ఈ పనిని 53 ముక్కలుగా విభజించినారు. ఏ ముక్కా 100 కిలోమీటర్లు లేదు. కాబట్టి 889 కిలోమీటర్ల పనికి సమగ్రమైన ప్రభావ పరిశీలన జరుగలేదు. ఇవి వేరు వేరు పనులేనని ప్రభుత్వం వాదించినది. కాగితంమీద ముక్కలు చేయవచ్చును. కాని కొండ ముక్కలుగా లేదు, నది ముక్కలుగా ప్రవహించదు. ఎగువ ముక్కలో జారిన మట్టి దిగువ ముక్కలోని ఏటికే చేరుతుంది.

వెడల్పు విషయంలో వచ్చిన వివాదాన్ని క్షేత్రగణితం సాయంతో విద్యార్థులే అర్థం చేసుకోవచ్చును. 45 డిగ్రీల వాలుగల కొండను నిట్టనిలువుగా కోసి చదునైన బాట తీస్తే, కోతకు గురైన భాగం ఒక లంబకోణ త్రిభుజం. బాట వెడల్పు ఎంతో, నిలువు కోత ఎత్తు అంతే. బాట 5.5 మీటర్లయితే త్రిభుజ వైశాల్యం సుమారు 15 చదరపు మీటర్లు, కిలోమీటరుకు తీయవలసిన రాతిమట్టి సుమారు 15,000 ఘనపు మీటర్లు. బాట 10 మీటర్లయితే వైశాల్యం 50 చదరపు మీటర్లు, మట్టి 50,000 ఘనపు మీటర్లు. వెడల్పు రెండింతలైనా కాలేదు, మట్టి మూడింతలు దాటినది. వాస్తవంలో కోత ఏటవాలుగా ఉంటుంది, రోడ్డు కొంత కట్టమీద కూడ నడుస్తుంది, కాబట్టి అంకెలు మారుతవి. అయినా వెడల్పు వర్గాన్ని అనుసరించి మట్టి పెరుగుతుందన్న సూత్రం మారదు. హిమాలయాలు వయస్సులో చిన్న పర్వతాలు. వాటి శిలల్లో పగుళ్ళు ఎక్కువ. వాననీరు ఆ పగుళ్ళలో చేరి ఒత్తిడి పెంచినప్పుడు ఆధారం కోల్పోయిన చరియ జారుతుంది. తీసిన మట్టిని నిర్ణీత స్థలంలో పోసి గోడ కట్టకుండా వాలుమీదికి నెట్టివేస్తే అది అడవిని కప్పివేసి నదిలో పడుతుంది.

ఈ విషయమై పౌరులు న్యాయస్థానాలను ఆశ్రయించినారు. 2019 ఆగస్టులో సుప్రీంకోర్టు రవి చోప్రా అధ్యక్షతన ఒక ఉన్నతాధికార సంఘాన్ని నియమించినది. 2020లో ఆ సంఘం రెండుగా చీలినది. ఎక్కువమంది వెడల్పు రోడ్డునే సమర్థించినారు. అధ్యక్షుడు, మరికొందరు 5.5 మీటర్లు చాలునన్నారు. రోడ్డు రవాణా శాఖ వారే 2018 మార్చిలో కొండ రోడ్లకు ఈ వెడల్పును నిర్దేశిస్తూ సర్క్యులర్ ఇచ్చి ఉన్నారు. 2020 సెప్టెంబరు 8న న్యాయస్థానం ఆ సర్క్యులర్‌నే పాటించమన్నది. డిసెంబరులో ఆ శాఖ సర్క్యులర్‌ను సవరించినది. 2021 డిసెంబరు 14న, చైనా సరిహద్దుకు సైన్యం చేరవలసిన అవసరాన్ని గుర్తించి, మూడు రక్షణ మార్గాలకు న్యాయస్థానం 10 మీటర్ల వెడల్పును అనుమతించినది. అమలును చూచేందుకు జస్టిస్ ఎ.కె. సిక్రి ఆధ్వర్యంలో పర్యవేక్షక సంఘాన్ని ఏర్పరచినది. తమ సంఘం పరిధి కుదించుకుపోయినదని, సిఫారసులను పట్టించుకోలేదని రవి చోప్రా 2022లో వైదొలగినారు.

దేశరక్షణ చిన్న విషయం కాదు. యాత్రికులకు క్షేమమైన దారి కావలెనన్నది కూడ న్యాయమైన కోరికే. విమర్శ ఆ అవసరాలమీద కాదు. సైన్యపు బండ్లు పోయే రోడ్డు వానాకాలంలో చరియలు విరిగి మూసుకుపోతే రక్షణకూ నష్టమే. కాబట్టి రక్షణ మార్గానికి తనిఖీ మరింత గట్టిగా ఉండవలెనేకాని సడలరాదు. కాని 2022 జూలైలో సరిహద్దునుండి 100 కిలోమీటర్ల లోపలి రక్షణ రహదారులకు ముందస్తు అనుమతి అవసరం లేకుండా సడలింపు ఇచ్చినారు. జాగ్రత్తల భారం పనిచేసే సంస్థమీదనే ఉంచినారు.

విమర్శకులు కూడ ఒక పొరపాటుకు దూరంగా ఉండవలెను. 2023 నవంబరు 12న ఇదే పథకంలోని సిల్‌క్యారా సొరంగం కూలి 41 మంది కార్మికులు లోపల చిక్కుకొన్నారు. 17వ రోజున, నవంబరు 28న, అందరినీ ప్రాణాలతో వెలికి తీసినారు. సమగ్ర ప్రభావ పరిశీలన జరిగి ఉంటే ఈ ప్రమాదం జరిగేదే కాదని చెప్పడానికి ఆధారం లేదు. అట్లా చెప్పడం శాస్త్రీయం కాదు. ముందుగా పరీక్షించి, ఆ ఫలితాలను బహిరంగంగా ఉంచి ఉంటే, కారణం ఏదో నిర్ణయించడానికి ఆధారమైనా మిగిలి ఉండేదని మాత్రం చెప్పవచ్చును.

ఇక తనిఖీ చేసేవాడి సంగతి. దీనికి మన దేశంలోనే గొప్ప ప్రయోగం ఒకటి జరిగినది. గుజరాత్‌లో 1996 నుండి హైకోర్టు ఉత్తర్వుల మేరకు కర్మాగారాలు బయటి ఆడిటర్లచేత కాలుష్య తనిఖీ చేయించుకొనే పద్ధతి ఉన్నది. కాని ఆ ప్రయోగం నాటి పద్ధతిలో ఆడిటరును ఎన్నుకొన్నది, ఫీజు చెల్లించినది కర్మాగారమే. ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణీ పాండే, నికొలస్ రయన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలితో కలిసి 473 కర్మాగారాలలో ఒక పరీక్ష జరిపి 2013లో ఫలితాలు ప్రకటించినారు. పాత పద్ధతిలో ఆడిటర్ల లెక్క ప్రకారం ధూళి పరిమితిని మించిన కర్మాగారాలు 7 శాతం. వేరుగా కొలిస్తే తేలినది 59 శాతం. ఆడిటర్లు వ్రాసిన అంకెలు చాలా భాగం పరిమితికి కొంచెం క్రిందనే గుంపుగా ఉన్నవి. ప్రకృతిలో అంకెలు అట్లా ఒకేచోట గుమిగూడవు. కొన్ని కర్మాగారాలకు ఆడిటరును చీటీ తీసినట్లు కేటాయించి, ఫీజును ఉమ్మడి నిధినుండి చెల్లించి, కొన్ని కొలతలను మరల వేరొకరిచేత సరిచూపించినారు. తప్పుడు నివేదికలు 80 శాతం తగ్గినవి. అంతకంటె ముఖ్యం, ఆ కర్మాగారాలు కాలుష్యాన్నే తగ్గించుకొన్నవి. అవే యంత్రాలు, అదే చట్టం. మారినది కొలబద్ద పట్టిన చేయి.

2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పర్యావరణ ఆడిట్ నిబంధనలు ఈ పాఠంలో ఒక భాగాన్ని గ్రహించినవి. రిజిస్టరైన ఆడిటర్లను యాదృచ్ఛికంగా కేటాయించే పద్ధతి అందులో ఉన్నది. ఇది స్వాగతించదగినదే. కాని గుజరాత్ ప్రయోగంలో ఫలితమిచ్చినది కేటాయింపు ఒక్కటే కాదు. ఫీజు చెల్లింపు, తిరిగి సరిచూపు కూడ దానితో కలిసి పనిచేసినవి. ఒక్క కాలుతో ముక్కాలిపీట నిలువదు.

మంచి పర్యవేక్షణ సాధ్యమేనని చూపే రోడ్డు కూడ ఉన్నది. అది తెలుగువారికి పరిచయమైన దారే. ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురంమీదుగా పోయే 44వ నెంబరు జాతీయ రహదారి, ఉత్తరాన మహారాష్ట్ర, మధ్యప్రదేశ్‌ల నడుమ పెంచ్ పులుల అభయారణ్యాన్ని దాటుతుంది. అక్కడ మహారాష్ట్ర వైపున జంతువులు రోడ్డు క్రిందుగా దాటేందుకు 9 కట్టడాలు నిర్మించినారు. అవి 50 మీటర్లనుండి 750 మీటర్ల వరకు వెడల్పు గలవి. భారత వన్యప్రాణి సంస్థ వారు వాటిక్రింద కెమెరాలు అమర్చి 2019 మార్చినుండి డిసెంబరువరకు పరిశీలించినారు. 18 జాతుల అడవి జంతువుల చిత్రాలు 5,450 వచ్చినవి. 11 పులులు 89 సార్లు దాటినవి. కట్టినవారు ‘బాగున్నది’ అనుకోవడం వేరు, మరొక సంస్థ లెక్కించి ప్రచురించడం వేరు. అయితే దీనికీ హద్దు ఉన్నది. కెమెరా దాటిన పులిని లెక్కిస్తుంది, వాహనాల మోతకు వెనుదిరిగిన పులిని లెక్కించలేదు. ఏ కొలత దేనికి జవాబు ఇస్తుందో, దేనికి ఇవ్వదో తెలిసి చదవడమే విజ్ఞానశాస్త్ర దృష్టి.

ఉపాధ్యాయులు తరగతిలో ఇటువంటి నివేదికలను పాఠంగా తీసుకోవచ్చును. సగటు, యాదృచ్ఛిక ఎంపిక, త్రిభుజ వైశాల్యం ఇవన్నీ ఉన్నత పాఠశాల గణితంలోనివే. ఒక అంకె పరిమితిలో ఉన్నదని చదివినప్పుడు అది ఎక్కడ కొలిచినది, ఏ వేళ కొలిచినది, ఎవరి జీతంమీద కొలిచినది అని అడిగే అలవాటు విద్యార్థికి అబ్బవలెను. ఆ మూడు ప్రశ్నలకు జవాబు లేని నివేదిక ఎన్ని పుటలు ఉన్నా, దానిమీద ఎన్ని సంతకాలు ఉన్నా, కొండ క్రింది ఊరికి అది భరోసా కాజాలదు.