తూలే మాటకు చోటు చూపిన పుస్తకం

ఇంగ్లీషులో ‘స్టాగర్’ అని ఒక క్రియ ఉంది. తాగినవాడు తూలినా అదే మాట, నెత్తిన బరువుతో అడుగు తడబడినా అదే, ఊహించని సంగతి విని నివ్వెరపోయినా అదే. భారీ వర్షం కురిసిన రోజు ఉద్యోగులంతా ఒక్కసారే రోడ్డెక్కకుండా విడతలవారీగా పంపమని హైదరాబాద్‌లో పోలీసులు ఐటీ కంపెనీలకు చెబుతుంటారు. ఆ విడతల పద్ధతికీ ఇదే మాట వాడతారు. ఇన్ని దారులున్న మాటకు పర్యాయపదాలు చెప్పడం ఎంత కష్టమో, ఆ కష్టాన్ని ఒక వైద్యుడు ఎంత నేర్పుగా దాటాడో చూపించాలనే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ మాటనే, దానికి దగ్గరి మాటల పక్కన పెట్టి, కాస్త దగ్గరగా చూద్దాం. ‘టాటర్’ అంటే కాళ్లలో సత్తువ లేక ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా నడవడం. ముసలివాళ్లకూ, తప్పటడుగుల పిల్లలకూ సరిపోతుంది. ‘రీల్’లో తల తిరుగుడు ఉంది. ‘లర్చ్’ అంటే ఒక్క కుదుపుతో పక్కకు ఒరగడం. ‘స్టాగర్’లో దెబ్బ తగిలింది, లేదా బరువు పడింది, అయినా మనిషి ఇంకా కాళ్లమీదే ఉన్నాడు. ఆశ్చర్యానికి ఆ మాట అంత బాగా అతకడానికి కారణం అదేనని నాకనిపిస్తుంది. వార్త వచ్చి తగులుతుంది, మనిషి కూలిపోడు, నిలదొక్కుకోవడానికి మాత్రం కాసేపు పడుతుంది. మన ‘దిమ్మతిరగడం’ కూడా ఇలాగే ఒంటి నుంచి మనసుకు ఎక్కింది.

ఇక పుస్తకం సంగతి. పీటర్ మార్క్ రోజెట్ 1779లో లండన్‌లో పుట్టాడు. పంతొమ్మిదేళ్లకే ఎడింబరోలో వైద్యపట్టా పుచ్చుకున్నాడు. రాయల్ సొసైటీకి 1827 నుంచి 1848 దాకా కార్యదర్శిగా ఉన్నాడు. ఘాతాలూ మూలాలూ లెక్కకట్టే స్లైడ్ రూల్ తయారుచేశాడు. తిరిగే చక్రం ఆకులు నిలువు సందుల్లోంచి వంగినట్టు ఎందుకు కనిపిస్తాయో పరిశీలించి వ్యాసం రాశాడు. మాటల పట్టిక ఒకటి 1805లో తన సొంత వాడకానికి మొదలుపెట్టుకున్నాడు. అది ‘థిసారస్’ అనే పర్యాయపదకోశంగా అచ్చయింది 1852లో, ఆయనకు డెబ్బై మూడేళ్లు వచ్చాక. జంతువుల్నీ మొక్కల్నీ వర్గాలుగా విడదీసే పద్ధతినే మాటలకూ వాడానని ఆయనే ముందుమాటలో చెప్పుకున్నాడు.

ఆ అమరిక చూడండి. భావాలన్నిటినీ ఆరు పెద్ద తరగతులుగా విడదీశాడు: అమూర్త సంబంధాలు, స్థలం, పదార్థం, బుద్ధి, సంకల్పం, హృదయవృత్తులు. వాటి కింద వెయ్యి శీర్షికలు. మొదటిది ‘ఉనికి’, వెయ్యోది ‘ఆలయం’. ఒక భావం, దాని ఎదురు భావం పక్కపక్క నిలువు వరుసల్లో ముఖాముఖి నిలబడతాయి. అర్థాలు ఎక్కడా ఇవ్వలేదు. మాట ఏ చోట ఉందో అదే దాని అర్థం చెబుతుంది.

ఆశ్చర్యాన్ని ఆయన ఎక్కడ పెట్టాడో చూస్తే పనితనం అర్థమవుతుంది. అనుకోనిది ఎదురవడం 508వ శీర్షిక, బుద్ధి తరగతిలో ఉంది. దానికి ముందు ‘ఎదురుచూపు’, తర్వాత ‘ఆశాభంగం’. అబ్బురపడటం 870వ శీర్షిక, హృదయవృత్తుల తరగతిలో ఉంది. దాని ముందు 869లో ‘వెగటు’, తర్వాత 871లో ఏదీ వింతగా తోచని స్థితి, 872లో ‘మహాద్భుతం’. బుద్ధికి అంచనా తప్పడం వేరు, గుండె ఝల్లుమనడం వేరు. మనం ఒకటే అనుకునే అనుభవాన్ని ఇలా రెండుగా విడదీయడానికి వైద్యుడి చూపు కావాలి.

870 లోపలికి వెళ్తే క్రియలు రెండు జట్లుగా ఉంటాయి. నోరెళ్లబెట్టడం, ఊపిరి బిగబట్టడం లాంటివి ఆశ్చర్యపడేవాడివి. ఆ తర్వాతవి ఆశ్చర్యపెట్టేవి. ‘స్టాగర్’ ఈ రెండో జట్టులో ఉంది. కామాతో వేరైనవి దగ్గరి బంధువులు; సెమీకోలన్ వస్తే కాస్త ఎడం. ఇదే మాట మందనడక దగ్గర, కంపనం దగ్గర, సందేహం దగ్గర, ఒకరి మనసు మరల్చడం దగ్గర కూడా కనిపిస్తుంది. నమ్మకం సడలడమూ తూలడమేనని ఆయన ఎక్కడా వాక్యం రాయలేదు. మాటను అక్కడ నిలబెట్టి ఊరుకున్నాడు. ఈ చోట్లన్నిటినీ కలిపే దారం పుస్తకం చివరి అకారాది సూచిక.

ఈ సూచిక చూసినప్పుడు నాకు సంస్కృత పర్యాయపదకోశం అమరకోశం గుర్తొస్తుంది. అనేకార్థాలున్న మాటలను అమరసింహుడు నానార్థవర్గంలో విడిగా చేర్చాడు. ఆశ్చర్యానికి పేర్లను రసాల సరసన నాట్యవర్గంలో పెట్టాడు. పైడిపాటి లక్ష్మణకవి తెలుగు కోశం ఆంధ్రనామ సంగ్రహంలోనూ దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులే. రోజెట్‌కు అమరకోశం తెలుసు. 1808లో శ్రీరాంపూర్‌లో అచ్చయిన కోల్‌బ్రూక్ అనువాదాన్ని ముందుమాట అధోజ్ఞాపికలో పేర్కొన్నాడు కూడా. అయితే దాని వర్గీకరణ గందరగోళంగా ఉందన్నాడు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. నోటికి పట్టించడానికి పద్యంలో కూర్చిన కోశాన్ని, చేత్తో తిరగేసే పుస్తకం కొలతతో కొలవడం న్యాయం కాదు. తన ముందరివాడి పేరు దాచకుండా చెప్పినందుకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది.

తొంభై ఏళ్ల వయసులో, 1869లో, చనిపోయేదాకా ఆయన ఈ పుస్తకానికి చేర్పులు చేస్తూనే ఉన్నాడు. కొడుకు జాన్ లూయిస్ రోజెట్ వాటిని కలిపి, సూచికను బాగా పెంచి 1879లో కొత్త కూర్పు తెచ్చాడు.

కొనేవాళ్లకు ఒక మాట. రోజెట్ పేరు పెట్టుకుని, ఈ అమరికంతా తీసేసి, ఉత్త అకారాదిగా పేర్చిన పుస్తకాలు చాలా ఉన్నాయి. అట్ట మీద పేరు చూసి మోసపోకండి. లోపల శీర్షికలకు అంకెలున్నాయో లేదో చూడండి. 1911 నాటి ప్రతి ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో 870 తెరిచి, కావలసిన మాట దొరకగానే ఆపేయకుండా 869 నుంచి 872 దాకా చదవండి.