నేరకథనాల పఠనం: ‘ఎవరు చూశారు?’ అనే ప్రశ్న

నిజంగా జరిగిన నేరాల మీద, కోర్టు విచారణల మీద వచ్చిన పుస్తకాన్ని చదివేటప్పుడు మనం ఒకేసారి రెండు పనులు చేస్తాం. ఏం జరిగిందో తెలుసుకుంటాం. ఎవరు దోషో, ఎవరి మీద జాలి పడాలో మనసులో తేల్చుకుంటాం. ఈ రెండో పని తీర్పు చెప్పడమే. ఇందులో చనిపోయినవారూ ఉరికంబం ఎక్కినవారూ నిజంగా బతికిన మనుషులు కనుక ఆ తీర్పుకు బాధ్యత ఉంటుంది.

ఈ రకం రచనను పరిశీలించడానికి కావలసిన పనిముట్టు న్యాయస్థానంలోనే దొరుకుతుంది. 1872 నాటి భారత సాక్ష్య చట్టం ప్రకారం మౌఖిక సాక్ష్యం ప్రత్యక్షంగా ఉండాలి. అంటే చూసిన సంగతిని చూసినవారే, విన్న సంగతిని విన్నవారే చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ కూడా ఈ సూత్రాన్ని నిలుపుకొంది. కోర్టులో సాక్షి చెప్పినదాన్ని ఎదుటి పక్షం వకీలు అడ్డుప్రశ్నలతో పరీక్షిస్తాడు. పుస్తకంలో ఆ వకీలు ఉండడు కాబట్టి ఆ పని పాఠకుడిదే. ప్రతి కీలక సన్నివేశం దగ్గర ఆగి ‘దీన్ని ఎవరు చూశారు? రచయితకు ఎలా తెలిసింది?’ అని అడగండి.

ట్రూమన్ కపోటీ రాసిన ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ను ఈ ప్రశ్నతో చదివి చూద్దాం. 1959 నవంబరు 15న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, హోల్కంబ్ గ్రామంలో క్లటర్ కుటుంబానికి చెందిన నలుగురు హత్యకు గురయ్యారు. పెరీ స్మిత్, రిచర్డ్ హికాక్ అనే ఇద్దరిని 1965 ఏప్రిల్ 14న ఉరి తీశారు. 1966లో పుస్తకంగా వచ్చిన ఈ రచనను కపోటీ ‘నాన్‌ఫిక్షన్ నవల’ అన్నాడు. అందులో రాసినదంతా వాస్తవమేనన్నాడు. కథనంలో ఆయన ఎక్కడా ‘నేను’ అనడు. అందువల్ల ఏ సంగతి ఎవరి నోటి నుంచి వచ్చిందో మనకు కనిపించదు.

ఉరికంబం దగ్గర పెరీ స్మిత్ క్షమాపణ చెప్పినట్టు పుస్తకంలో ఉంది. దగ్గరగా నిలబడిన విలేకరులు తాము ఆ మాట వినలేదన్నారని ఫిలిప్ టాంప్‌కిన్స్ అదే ఏడాది ‘ఎస్క్వైర్’ పత్రికలో రాశాడు. డిటెక్టివ్ ఒకరు శ్మశానంలో, చనిపోయిన అమ్మాయి స్నేహితురాలిని కలుసుకునే చివరి సన్నివేశం కల్పితమని కపోటీ జీవితచరిత్రకారుడు జెరాల్డ్ క్లార్క్ చెప్పాడు. ఇవి చిన్న లోపాలు కావు. ముద్దాయి మీద మన అభిప్రాయాన్ని మార్చేది ఆ క్షమాపణ. నాలుగు హత్యల తరువాత మనకు ఊరట ఇచ్చేది ఆ శ్మశాన సన్నివేశం. మనం అత్యంత బలంగా స్పందించే చోట్లే సాక్ష్యం అత్యంత బలహీనంగా ఉంది.

ఇప్పుడు మన దేశానికి చెందిన మరో పుస్తకం చూద్దాం. గాంధీజీ హత్య కేసు అప్పీలును 1949లో సిమ్లాలో విన్న ముగ్గురు న్యాయమూర్తులలో జి.డి. ఖోస్లా ఒకరు. ఆయన పుస్తకం ‘ది మర్డర్ ఆఫ్ ది మహాత్మా’ 1963లో వచ్చింది. నాథూరామ్ గాడ్సే తన వాదన తానే వినిపించుకున్నాడు. అది విని హాలులోని జనం ఎంతగా చలించిపోయారో ఖోస్లా రాశాడు. ఆ రోజు తీర్పు వారి చేతిలో పెడితే, గాడ్సే నిర్దోషి అని భారీ ఆధిక్యంతో చెప్పి ఉండేవారని తన అభిప్రాయం కూడా చెప్పాడు.

అయితే సాక్ష్యాధారాలు ముందు పెట్టుకున్న ధర్మాసనం గాడ్సే, ఆప్టేల మరణశిక్షలను ఖాయం చేసింది. మరో ఇద్దరిని నిర్దోషులుగా విడుదల చేసింది. హాలు మొత్తం ఒకే ఆవేశంలో ఉంటే, ధర్మాసనం ఒక్కొక్కరి మీద ఉన్న సాక్ష్యాన్ని విడివిడిగా తూచింది.

ఖోస్లా కూడా తటస్థుడు కాడు. తీర్పు ఇచ్చినవాడే పుస్తకం రాస్తే తన తీర్పును సమర్థించుకునే అవకాశం ఉంటుంది. కానీ ఆయన ఎక్కడ కూర్చుని చూశాడో మనకు తెలుసు. జనం గురించి చెప్పింది ఆయన అంచనా అనీ తెలుసు. అందువల్ల ఆయనతో వాదించగలం. కపోటీ శిల్పం గొప్పది, కానీ వాదించడానికి చోటు ఇవ్వదు. వాస్తవ రచనలో శైలి గుణం ఒక్కటే చాలదు. పాఠకుడు ఎదురు ప్రశ్న వేయడానికి వీలుందా లేదా అన్నది కూడా విలువ కట్టేటప్పుడు లెక్కలోకి రావాలి.

నేరకథనాన్ని చదివే ప్రతివారూ సిమ్లా హాలులోని జనంలో ఒకరే. కదిలిపోవడం తప్పు కాదు. ఆ కదలికనే రుజువు అనుకోవడం తప్పు.

అభ్యాసం: మీరు చదివిన ఒక నేరకథనం నుంచి మిమ్మల్ని బాగా కదిలించిన ఒక పేజీ తీసుకోండి. అందులోని వాక్యాలను నాలుగు వరుసలుగా విడదీయండి: రికార్డులో ఉన్నవి, సాక్షులు చెప్పినవి, రచయిత ఊహించినవి, ఆధారం తెలియనివి. నాలుగో వరుసలోని వాక్యాలను పక్కన పెట్టి ఆ పేజీని మళ్లీ చదవండి. మీ తీర్పు మారిందా? మారితే, ఏ వాక్యం వల్ల మారిందో పది పంక్తులలో వివరించండి.