రంగులద్దిన మాయాబజార్

1957లో వచ్చిన ‘మాయాబజార్’ మన వడపళనిలోని వాహినీ స్టూడియోలో తయారైంది. దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరా మార్కస్ బార్‌ట్లే. నలుపు తెలుపుల్లో తీసిన ఆ సినిమాకి రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేశారు.

పాత ఫిల్మ్ మీద గీతలు, మరకలు పోగొట్టడం, మాటలు స్పష్టంగా వినిపించేలా చేయడం మెచ్చుకోవాల్సిన పనే. రంగులుంటే చిన్నపిల్లలు కూడా ఇష్టంగా చూస్తారు, అదీ నిజమే. కానీ పడవ పాటలో వెన్నెలని బార్‌ట్లే నలుపు తెలుపుల్లోనే పుట్టించారు. శశిరేఖ చీర ఏ రంగో మనకెవరు చెప్పారు? అది కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్ల ఊహ.

కొన్ని పాటలు, చాలా పద్యాలు తీసేయడం ఇంకా పెద్ద తప్పు. తమిళనాడులో పెరిగే మన చెవిన తెలుగు పద్యం పడేదే తక్కువ. రంగుల సినిమా ఒక్కటే చూసినవాళ్లకి ఆ పద్యాలు ఉన్నాయనే తెలియదు.

ముత్తాత ఫొటో మీద దుమ్ము తుడుస్తాం గానీ, మీసం కొత్తగా దిద్దం కదా!

రంగుల సినిమా కూడా ఉండనివ్వండి. అయితే ఏమేం మార్చారో మొదట్లోనే చెప్పాలి, అసలు సినిమా పూర్తిగా దొరకాలి. బడిలో వేసేటప్పుడు మాత్రం అసలుదే వేయమని మా టీచర్లను కోరుతున్నాను.